మేం ఏ రాష్ట్రం వాళ్ళమో తేల్చండి, మంత్రిగారూ

ఒడిశా ఉన్నత విద్యాశాఖ మంత్రివర్యులకు నమస్కారాలు.

అయ్యా,

ఇంతకుముందు మీకు మూడు అర్జీలు పెట్టుకున్నాను. మూడూ ఒడియాలోనే రాశాను. ముప్పై ఒక్కేళ్ళు ఒడియా బడిలో పిల్లలకి అక్షరాలు దిద్దించినవాణ్ణి కాబట్టి తప్పులు కూడా ఉండవు. మొదటిది అందినట్టు ఒక నంబరు వచ్చింది. రెండోది పరిశీలనలో ఉందన్నారు. మూడోది ఎక్కడుందో ఆ జగన్నాథస్వామికే తెలియాలి. అందుకే ఈసారి తెలుగులో రాస్తున్నాను. మీరు చదవలేరని తెలుసు. చదవగలిగే భాషలో రాసినప్పుడు మాత్రం చదివారా ఏంటి? మీ ఆఫీసులో తెలుగు వచ్చినవాళ్ళు ఒకరిద్దరైనా ఉండే ఉంటారు, పైకి చెప్పుకోకపోయినా. వాళ్ళలో ఎవరైనా చదివి వినిపిస్తారని ఆశ.

డిసెంబర్ 11న భారతీయ భాషా ఉత్సవం జరపమని విశ్వవిద్యాలయాలకి పెద్దదిక్కైన యూజీసీ 2022 నుంచి చెబుతోంది. మన దక్షిణ ఒడిశాలోని ఒక విశ్వవిద్యాలయం దాన్నే వారం రోజులకి సాగదీసి సాంస్కృతిక వైవిధ్య వారం అని చేస్తోంది. పేరు రాయను, మీకు తెలుసు. అక్కడ తెలుగుకి కాస్త చోటివ్వమనే నేను అడుగుతూ వచ్చింది. పోయిన డిసెంబర్లో, ఇంక వీడి గోల పడలేం అనుకున్నారో ఏమో, మా తప్పెటగుళ్ళ బృందాన్ని, అంటే రొమ్ముకి తప్పెట కట్టుకుని పాడుతూ ఆడే మా జానపద కళాకారుల్ని, పిలిచారు.

మొత్తం పదహారు మంది. కోతలు అయిపోయి నూర్పిళ్ళు మొదలయ్యే రోజులు, ఒక్కొక్కడూ ఆ రోజు కూలి వదులుకున్నాడు. వ్యాను అద్దె ఆరున్నర వేలు. నాలుగు గంటలకల్లా ఉండాలంటే మూడున్నరకే చేరాం. రాగానే ఒక కుర్రాడు, వలంటీరు బ్యాడ్జీ పెట్టుకున్నవాడు, మీ ట్రాక్ పెన్‌డ్రైవ్‌లో ఇవ్వండి అన్నాడు. ట్రాక్ ఏంటి బాబూ, పాడేదీ వీళ్ళే వాయించేదీ వీళ్ళే అన్నాను. వాడు కంగారుగా ఎవరికో ఫోన్ చేసి, ట్రాక్ లేకపోతే సౌండ్ వాళ్ళు ఒప్పుకోరు సార్ అన్నాడు. పాపం వాణ్ణి అని ఏం లాభం?

భోజనానికి పది కూపన్లు ఇచ్చారు. పదింటినీ పదహారు మంది పంచుకుని తిన్నారు. అది పెద్ద బాధ కాదు, పెళ్ళిళ్ళలో అంతకంటే అన్యాయం చూశాం.

ఏడు గంటలకి మా వంతు అన్నారు. ఎనిమిదయింది, తొమ్మిదయింది. ముఖ్య అతిథి వెళ్ళిపోయారు, ముందు వరస సోఫాలు ఖాళీ అయ్యాయి. పది ఇరవైకి పిలిచారు. మా వాళ్ళు కాళ్ళకి గజ్జెలు కట్టుకుని, రొమ్ముకి తప్పెటలు బిగించుకుని మెట్లెక్కుతుంటే ఒకాయన అడ్డం వచ్చి, కొత్త కార్పెట్, గజ్జెలకి చిరిగిపోతుంది, విప్పెయ్యమన్నారు. తప్పెటగుళ్ళకి గజ్జెలు విప్పమనడం మృదంగం వాడితో ఒక చెయ్యి జేబులో పెట్టుకోమనడం లాంటిది. పెద్దాయన నా మొహం చూశాడు. డెబ్బై దాటిన మనిషి, గంగమ్మ తల్లి ముందు తప్ప ఎక్కడా గజ్జె విప్పి ఎరగడు. నేనే తలూపాను. ఆ తలూపు ఇంకా నన్ను పీడిస్తోంది, మంత్రిగారూ. తప్పెట మోగింది, కాళ్ళు మాత్రం మూగగా తిరిగాయి. ఐదో నిమిషానికి మైకు కట్ చేశారు. ఏదైనా హిట్ సినిమా పాటకి వెయ్యలేరా అని వెనక నుంచి ఎవరో అరిచారు.

ఇదంతా మింగేద్దుమేమో. మింగుడు పడనిది యాంకరమ్మాయి మాట. ‘ఇప్పుడు మన పొరుగు రాష్ట్రం ఆంధ్రప్రదేశ్ నుంచి వచ్చిన అతిథి కళాకారులు’ అంది. సర్టిఫికెట్ల మీదా అదే అచ్చు. కిందికి దిగాక మా బృందంలో చిన్నవాడు, డిగ్రీ మొదటి ఏడాది గుంటడు, అడిగాడు: “అయితే మనది ఏ రాజ్జెమేటి మేస్టారూ?”

మాది గజపతి జిల్లా, అయ్యా. రేషన్ కార్డు ఒడిశాది, ఓటు ఒడిశాది. కరెంటు పోయినా ఒడిశా కరెంటే పోతుంది. ఏప్రిల్ 1న ఉత్కళ దివస్‌కి బడి పిల్లలతో ‘బందే ఉత్కళ జననీ’ పాడించింది నేనే. మా తాతలు ఎక్కడి నుంచీ రాలేదు. 1936లో ఒడిశా రాష్ట్రం ఏర్పడినప్పుడు సరిహద్దు గీతే వచ్చి మా చేలల్లో నుంచి వెళ్ళింది. 1894లో, ఇప్పుడు ఒడిశాలో ఉన్న బరంపురంలో పుట్టిన తెలుగువారు వి.వి.గిరిగారు రాష్ట్రపతి అయ్యారు. ఈ లెక్కన ఆయన కూడా అతిథేనా?

ఇక ప్రయాణ ఖర్చుల సంగతి వినండి. దారి ఖర్చులు ఇస్తామని పిలిచేటప్పుడే ఒప్పుకున్నారు. బిల్లు పెడితే, బయటి రాష్ట్రం కళాకారులకి ముందస్తు మంజూరు ఉండాలి, మీకు లేదు అన్నారు. మేం బయటివాళ్ళం కాదని పదహారు ఆధార్ జిరాక్సులు పట్టుకుని మళ్ళీ వెళ్ళాను. గుమస్తా గారు ఒక్కొక్కటీ తిరగేసి చూసి, ఓహో స్థానికులా, స్థానిక కళాకారులకి దారి ఖర్చులు ఉండవండీ అన్నారు. నవ్వొచ్చింది నాకు. నవ్వుతూనే బస్సెక్కాను. స్టేజి మీద ఆంధ్రావాళ్ళం, క్యాష్ కౌంటర్ దగ్గర ఒడిశావాళ్ళం! అటైనా ఇటైనా పైసా రాలేదు. వ్యాను వాడికి నా పెన్షన్లో నుంచి ఇచ్చాను.

ఉపన్యాసాల ముచ్చట కూడా ఉంది. మర్నాడు గిరిజన భాషల మీద ఢిల్లీ నుంచి వచ్చిన ఒక పెద్దమనిషి గంటన్నర ఇంగ్లిషులో మాట్లాడారు. సవర భాష గురించి చాలాసేపు చెప్పారు, బాగానే చెప్పారు. గిడుగు రామమూర్తి పంతులుగారి పేరు ఒక్కసారి కూడా రాలేదు. 1880లో మా జిల్లాలోని పర్లాకిమిడి రాజావారి బడిలో టీచరుగా చేరి, సవరలతో తిరిగి వాళ్ళ మాట నేర్చుకుని, సొంత డబ్బుతో వాళ్ళకి బళ్ళు పెట్టి, 1931లో సవర వ్యాకరణం అచ్చుకిచ్చిన మనిషాయన. పర్లాకిమిడిని ఒడిశాలో కలపడం నచ్చక రాజమండ్రి వెళ్ళిపోయారు, నిజమే. ఆ కోపం ఇంకా ఎవరికైనా ఉందా? ఆయన వెళ్ళారు, మేం ఉండిపోయాం. ఆయన చేసిన పనీ ఇక్కడే ఉండిపోయింది. ఆగస్టు 29న ఆయన పుట్టినరోజుకి ఒక్క గంట హాలు ఇవ్వమన్నాను, ఉపన్యాసం ఒడియాలోనే పెట్టిస్తానన్నాను, సవర విద్యార్థితో కూడా మాట్లాడిద్దామన్నాను. హాలు ఖాళీ లేదన్నారు. ఆ రోజు వెళ్ళి చూశాను. తాళం వేసి ఉంది.

రాష్ట్రాలని జంటలు కట్టే కేంద్ర పథకం ఏక్ భారత్ శ్రేష్ఠ భారత్‌లో ఒడిశాకి మహారాష్ట్రని జోడీ కట్టారు, ఆంధ్రకి పంజాబ్‌ని. అందుకని మొన్న మహారాష్ట్ర వాళ్ళ లావణికి నలభై నిమిషాలు దొరికింది. మంచి నాట్యం, మేమూ చప్పట్లు కొట్టాం. అమృత్‌సర్‌లో మా తెలుగు వినిపిస్తుందన్నమాట, సంతోషం! ఏరు దాటితే తెలుగు, వెనక్కి తిరిగితే ఒడియా ఉన్న మా ఊరికి మాత్రం జోడీ లేదు. పెరటి చెట్టు మందుకి పనికిరాదంటారు. మమ్మల్ని పెరటి చెట్టు అని కూడా ఒప్పుకోలేదు, పక్కింటివాళ్ళ చెట్టన్నారు.

ఏం కావాలి అంటారు. అడిగినవే మళ్ళీ అడుగుతున్నాను. మేం ఎవరమో ఒకసారి తేల్చండి. రెండు భాషలకీ కేంద్రం ప్రాచీన హోదా ఇచ్చింది, తెలుగుకి 2008లో, ఒడియాకి 2014లో. ఆ రెండింటినీ ఒక్క స్టేజి మీద కూర్చోబెట్టండి. ఒక గంట హాలు ఇప్పించండి. దారి ఖర్చు ఇస్తే ఇవ్వండి, లేకపోతే లేదు. గజ్జెలు మాత్రం ఇంకెప్పుడూ విప్పించకండి.

సర్టిఫికెట్లు దిద్దించి పంపమని ఈ లేఖతో జత చేస్తున్నాను. మొత్తం పదిహేనే ఉన్నాయి. పదహారోది ఆ గుంటడిది. వాళ్ళమ్మ ఫ్రేము కట్టించి దేవుడి పటాల పక్కన పెట్టింది. ఆవిడకి ఇంగ్లిషు రాదు, అందులో ఏం రాసి ఉందో తెలియదు. అడగడానికి వెళ్ళి, ఇచ్చిన టీ తాగి వచ్చేశాను.

ఇట్లు,
ఒక రిటైర్డ్ మేస్టారు,
గజపతి జిల్లా