సీషెల్స్ నుంచి వినిపించిన తెలుగు పాటలు: కేంద్ర సమాచార, ప్రసార శాఖ మంత్రికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన మంత్రి గారికి,

నమస్కారాలు. తెలుగు క్రైస్తవ పాటల పాత రేడియో రికార్డింగుల గురించి ఈ ఉత్తరం రాస్తున్నాను.

మన దేశంలో చాలాకాలం ఆకాశవాణి తప్ప వేరే రేడియో లేదు. తర్వాత ప్రైవేటు ఎఫ్.ఎం.లు వచ్చినా మతసంస్థలకు లైసెన్సు ఇవ్వకూడదని నిబంధన పెట్టారు. దానితో నాకు పేచీ లేదు. ఊరికో మతం రేడియో మొదలైతే ఎంత గోలో ఊహించుకోగలను. కాకపోతే దీనివల్ల మా పాటలు సముద్రం దాటి వెళ్లి మళ్లీ మా ఊళ్లకు రావలసి వచ్చింది.

1970లో హిందూ మహాసముద్రంలోని సీషెల్స్ దీవుల్లో ఫీబా అనే క్రైస్తవ సంస్థ రేడియో మొదలైంది. ఒడ్డు దగ్గరి పగడపు దిబ్బల మీద, నీళ్లలోనే యాంటెన్నాలు నిలబెట్టారు. అక్కడి నుంచి కోస్తా ఆంధ్ర 3,500 కిలోమీటర్లకు పైనే. అయినా షార్ట్‌వేవ్ కదా, ఆకాశంలోని పొరను తాకి తిరిగొచ్చి గుంటూరు జిల్లా పల్లెలో దిగేది. పాటలు, ప్రసంగాలు ఇక్కడే స్పూల్ టేపుల (పెద్ద చక్రాలకు చుట్టిన టేపుల) మీదికెక్కి, పార్సిళ్లలో దీవికి వెళ్లేవి.

మా ఇంట్లో రేడియో ముల్లు తిప్పే హక్కు నాన్నదే. వెంట్రుకవాసి అటూ ఇటూ అయితే చైనా స్టేషనో, ఇంకేదో అరబ్బీ స్టేషనో మీద పడేది. గోడ మేకు నుంచి దండెం దాకా రాగి తీగ లాగేవాళ్లు. హార్మోనియం, డోలక్, తాళాలు దగ్గరగా వచ్చి, పల్లవి సగంలో ఉండగా సన్నబడి, చరణంలో మళ్లీ పుంజుకునేవి. అనౌన్సర్ ఉత్తరాలు రాసినవాళ్ల పేర్లు, ఊళ్లు చదివేటప్పుడు ఇంట్లో ఎవరూ మాట్లాడకూడదు. కార్డు ముక్క రాసి నెలలు గడిచినా మన ఊరి పేరు వస్తుందేమోనని ఒకటే టెన్షన్.

1978లో శ్రీలంకలోని పుత్తళం నుంచి ట్రాన్స్ వరల్డ్ రేడియో అనే మరో క్రైస్తవ సంస్థ 400 కిలోవాట్ల మీడియం వేవ్ ట్రాన్స్‌మిటర్‌తో రంగంలోకి దిగింది. షార్ట్‌వేవ్ లేని చవక సెట్లున్న ఇళ్లకూ ఆ పాటలు అందాయి. ఆకాశవాణి కూడా భక్తిరంజనిలో క్రైస్తవ గీతాలు వేసేది, ఆ మాట చెప్పకపోతే అన్యాయం. 1948లో మొదలైన విజయవాడ కేంద్రంలోనూ, నిజాం కాలపు దక్కన్ రేడియో వారసత్వంగా వచ్చిన హైదరాబాద్ కేంద్రంలోనూ ఆనాటి గొంతులు కొన్నయినా మిగిలి ఉండాలి.

2003లో ఫీబా సీషెల్స్ స్టేషన్‌ను మూసేసింది. ఆ తర్వాత చాలా ఇళ్లలో రేడియో అటకెక్కింది.

పాడినవాళ్లలో ఎక్కువమంది పల్లెల్లోని కూలీలు, బడి పంతుళ్లు, నర్సులు. పందొమ్మిదో శతాబ్దపు తెలుగు క్రైస్తవ కవి పురుషోత్తమ చౌదరి కీర్తనల్ని ఒక్కో ఊళ్లో ఒక్కో వరసలో పాడేవాళ్లు. ఆ వరసలకు స్వరలిపి లేదు, టేపే ఆధారం. ఖరీదైన టేపును చెరిపి మళ్లీ వాడుకోవడం ఆ రోజుల్లో మామూలే. మిగిలిన వాటికి బూజు పట్టింది. మాకు దగ్గర్లోని ఒక స్టూడియో ఖాళీ చేసినప్పుడు, అట్టపెట్టెల మీద పాట పేరు, గాయని పేరు సిరాతో రాసి ఉన్న టేపుల్ని పాత సామాన్ల బండికి ఎత్తారు. నేను వెళ్లేసరికి ఖాళీ రీళ్లు మాత్రం దొరికాయి.

మీరు చేయగలిగిన పని ఉంది. విజయవాడ, హైదరాబాద్ కేంద్రాల లైబ్రరీల్లో ఉన్న తెలుగు క్రైస్తవ గీతాల జాబితాను ప్రసార భారతి చేత బయట పెట్టించండి. డిజిటైజ్ చేసినవాటిని గాయకుల పేర్లతో సహా అందరూ వినేలా ఉంచండి. ఇళ్లలో, చర్చిల్లో స్పూళ్లు దాచుకున్నవాళ్లు తెచ్చిస్తే కాపీ తీసుకుని అసలు టేపును తిరిగి ఇచ్చే ఏర్పాటు ఒక్క కేంద్రంలోనైనా చేయండి. స్పూల్ మెషిన్లు బాగుచేయడం తెలిసినవాళ్లు రిటైరైపోతున్నారు, కాబట్టి వాళ్లను ముందు పిలవాలి. బుర్రకథ, హరికథ, ఖవ్వాలీ టేపులకూ ఇదే చేయమని అడుగుతాను.

పేర్లు లేని రికార్డింగులుంటే మాకు వినిపించండి. గొంతు విని ఇది ఫలానా ఊరి ఫలానా అమ్మ అని చెప్పగల పెద్దలు ఇంకా ఉన్నారు. వాళ్లను తీసుకొచ్చే బాధ్యత మాది.

ఇట్లు,
గుంటూరు జిల్లా నుంచి ఒక పాత శ్రోత