చిల్లకంపకు పెట్టే నిప్పుకు ఒక పద్ధతి కావాలి: కలెక్టర్ గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన ప్రకాశం జిల్లా కలెక్టర్ గారికి నమస్కారములు.

గట్ల మీద కొట్టిన చిల్లకంపను (సర్కారు తుమ్మ ముళ్లకొమ్మలను) కుప్పవేసి, పడమటి గాలి వీచే మిట్టమధ్యాహ్నం నిప్పుపెట్టి ఇంటికి వెళ్లిపోవడం మా ఊళ్లో ఏటా వేసవిలో జరుగుతోంది. మొన్న మే నెలలో అలా పాకిన మంటకు మా పెద్దమ్మ వరిగడ్డి వామి, దాని పక్కన కట్టేసిన చూడిగేదె కాలిపోయాయి. పలుపు కోయబోయిన ఆమె కుడిచేతి వేళ్లు ఇప్పటికీ ముడుచుకునే ఉన్నాయి. పాలు పితికే చేయి అదే. రెండుసార్లు అర్జీ ఇచ్చినా జవాబు రానందువల్ల ఇలా అందరి ఎదుట రాస్తున్నాను.

నిప్పు విషయంలో ఇతరుల ప్రాణానికి ముప్పు తెచ్చే నిర్లక్ష్యానికి భారతీయ న్యాయ సంహిత 287వ సెక్షన్ కింద ఆరు నెలల వరకు జైలు, లేదా రూ.2,000 వరకు జరిమానా, లేదా రెండూ పడవచ్చు. అయితే రైతును దోషిగా నిలబెట్టడం నా ఉద్దేశం కాదు. ఆ కంపను బొగ్గుబట్టీలవాళ్లు కొనుక్కుపోయే ఏర్పాటు ఉంటే కాల్చే పనే చాలావరకు తప్పుతుంది.

వేసవిలో కంప కాల్చడాన్ని నిషేధించి, తక్కిన రోజుల్లో పంచాయతీకి ముందుగా తెలిపి, కుప్ప చుట్టూ గడ్డి చెక్కి, నీళ్లు దగ్గర ఉంచుకుని, గాలి లేని ఉదయం పూట, నివురు చల్లారేదాకా మనిషి కాపలాతోనే కాల్చాలని ఉత్తర్వు ఇచ్చి, ఫిబ్రవరిలోగా ఊరూరా దండోరా వేయించవలసిందిగా కోరుతున్నాను.

ఇట్లు,
కొండపి మండలపు రైతు ఒకరు