నేరం పిజ్జాదేనా?

సంపాదకులకు,

ఆ మధ్య ఆదివారం మహిళల పేజీలో పీసీఓడీ (పీసీఓఎస్ అనీ అంటారు, హార్మోన్లు అదుపు తప్పి నెలసరి చెడే జబ్బు) మీద వచ్చిన వ్యాసం గురించి ఈ ఉత్తరం. ఎవరైనా డాక్టరుగారు ఖండిస్తారేమోనని ఇన్నాళ్లూ ఎదురుచూశాను. ఒక్కరూ కలం కదపలేదు.

పిజ్జాలు తిని, అర్ధరాత్రి దాకా సెల్‌ఫోన్లు చూసి, ఇంట్లో చీపురు పట్టకపోవడం వల్లే ఆడపిల్లలకు నెలసరి గతి తప్పుతోందట. మా తరం తిరగలి తిప్పింది కాబట్టి మాకీ బెడద లేదట! 1935లోనే షికాగోలో స్టెయిన్, లెవెంతాల్ అనే వైద్యులు ఏడుగురు స్త్రీలలో ఈ జబ్బును గుర్తించి రాశారు. ఆ ఏడుగురూ ఏ సెల్‌ఫోన్ చూసి పాడయ్యారో వ్యాసకర్త సెలవిస్తే తెలుసుకుంటాం.

హైస్కూల్లో జీవశాస్త్రం చెప్పి రిటైరైనదాన్ని, ఊరుకోలేకపోతున్నాను. 2006లో నెదర్లాండ్స్‌లో కవలలను పరిశీలించి, ఈ జబ్బు కొందరికి వచ్చి కొందరికి రాకపోవడంలో జన్యువుల వాటా సుమారు 70 శాతమని లెక్కగట్టారు. అలాగని ఒక్క జన్యువే కారణం కాదు. 2011లో చైనాలో వేలమంది స్త్రీల జన్యువులను జల్లెడ పడితే బయటపడ్డవాటిలో థాడా అనే జన్యువు ఒకటి. దానికి మధుమేహంతో సంబంధం ఉందని అంతకుముందే తేలింది.

హార్మోన్ల కథా అక్కడికే చేరుతుంది. రక్తంలోని చక్కెరను వాడుకోమనే ఇన్సులిన్ మాట ఒంట్లో కండరాలు వినకపోతే క్లోమం ఇంకా ఇంకా పంపుతుంది. ఆ అదనపు ఇన్సులిన్, మెదడు కింది పిట్యూటరీ గ్రంథి నుంచి వచ్చే ఎల్‌హెచ్ అనే హార్మోన్ కలిసి అండాశయం చేత టెస్టోస్టిరాన్ అనే పురుష హార్మోన్‌ను ఎక్కువగా చేయిస్తాయి. దాన్ని రక్తంలో పట్టి ఉంచే ప్రోటీన్‌నేమో కాలేయం తగ్గించేస్తుంది, దాంతో దానికి పగ్గాలుండవు. గడ్డం మీద వెంట్రుకలు, మొటిమలు, తప్పిపోయే నెలలు అందుకే. బక్కపలచని పిల్లలకూ వస్తుంది. బరువు పెరిగితే ముదురుతుంది, కాబట్టి నడక, తిండిలో జాగ్రత్త అవసరమే, కాదనను. కానీ నిప్పు అంటించిందీ ఆజ్యం పోసిందీ ఒకటేనా?

వంశం మాటెత్తితే పెళ్లి సంబంధాలు చెడతాయని మీవాళ్లు జంకారేమో. జన్యువులు తండ్రి వైపు నుంచి కూడా వస్తాయి మహాప్రభో! ఈ పిల్లల తండ్రుల్లో, అన్నదమ్ముల్లో ఇన్సులిన్ సరిగా పనిచేయకపోవడం ఎక్కువని పరిశోధనలు చెబుతూనే ఉన్నాయి. పిల్లను సరిగా పెంచలేదని భార్యను నిలదీసే నాన్నగారు ముందు తన షుగర్ చూపించుకోవాలని మీ పేజీలో ఎన్నడైనా రాశారా?

ఇక ప్రభుత్వం. పీసీఓఎస్ అని తేలిన ప్రతి ఒక్కరికీ వయసుతో, బరువుతో నిమిత్తం లేకుండా షుగర్ పరీక్ష చేయాలని, ఆపైన ఏడాది నుంచి మూడేళ్లకోసారి మళ్లీ చూడాలని 2023 అంతర్జాతీయ మార్గదర్శకాలు చెప్పాయి. షుగరు, బీపీ లాంటి జబ్బుల కోసం ఉన్న మన జాతీయ కార్యక్రమం ఆ పరీక్షలకు 30 ఏళ్లు నిండాలంది. అంటే ఇంటర్ చదివే పిల్ల ఇంకో పదమూడేళ్లు ఆగాలన్నమాట. కౌమారంలో ఉన్న పిల్లలకు ఈ జబ్బు తేల్చడానికి స్కానింగ్ వాడవద్దనీ ఆ మార్గదర్శకాల్లోనే ఉంది. మన దగ్గర చేయాల్సిన రక్తపరీక్ష మానేసి, పద్నాలుగేళ్ల పిల్లలకు స్కానింగులు రాస్తారు. ‘నీటి బుడగలు’ అని రిపోర్టు చేతికిస్తారు. తల్లులు హడలిపోతారు.

వ్యాసం కిందే ‘పీసీఓడీ మాయం’ అంటూ ఏదో పొడి ప్రకటన వేశారు. స్త్రీల నెలసరి సమస్యలు నయం చేస్తామని మందులకు ప్రకటనలివ్వడం 1954 నాటి డ్రగ్స్ అండ్ మ్యాజిక్ రెమెడీస్ చట్టం ప్రకారం నేరం. డబ్బాలో ఉన్నది మందు కాదు, ఆహారం అంటారేమో. మాయం చేసే ఆహారం నేనైతే వినలేదు. డ్రగ్ కంట్రోల్ అధికారులు పేపరు తెప్పించుకోరా, లేక రాశిఫలాల దాకా చదివి మడిచేస్తారా?

ఈ ఉత్తరం వేస్తే వేయండి, ఆ పొడి ప్రకటన పక్కన మాత్రం వేయకండి.

– విశ్రాంత జీవశాస్త్ర ఉపాధ్యాయిని, తెనాలి