మా అమ్మాయిని బేస్‌బాల్ మైదానం దాకా చేర్చినవాళ్లకి

అందరికీ నమస్కారం. మా పెద్దమ్మాయికి ఒక మైనర్ లీగ్ (పైనున్న మేజర్ లీగ్ పెద్ద జట్లకి ఆటగాళ్లని తయారుచేసే కింది లీగులు) బేస్‌బాల్ జట్టులో అథ్లెటిక్ ట్రైనర్‌గా ఉద్యోగం వచ్చింది. సింగిల్-ఏ జట్టు, అంటే అమెరికాలో ఆడే లీగుల్లో కింద నుంచి రెండో మెట్టు. అయినా మా ఇంట్లో పండగే. దీని వెనక చాలామంది ఉన్నారు. పేర్లు రాయొద్దని వాళ్లే అన్నారు కాబట్టి పేర్లు లేకుండా రాస్తున్నాను. ఎవరి గురించో చదివితే వాళ్లకే తెలిసిపోతుంది.

ముందు ఈ ఉద్యోగం ఏమిటో చెప్పాలి. అభినందించడానికి ఫోన్ చేసినవాళ్లలో సగంమంది "ఏ జిమ్‌లో?" అనే అడిగారు మరి. జిమ్ కాదండీ. క్రికెట్‌లో బ్యాట్స్‌మన్‌కి దెబ్బ తగలగానే సంచి పట్టుకుని లోపలికి పరిగెత్తే ఫిజియో ఉంటాడే, ఇంచుమించు ఆ పని. ఆటగాడు గాయపడకుండా చూసుకోవాలి, గాయపడితే అందరికంటే ముందు చేరుకోవాలి, ఆపరేషన్ అయితే మళ్లీ బంతి పట్టేదాకా వెంట ఉండాలి. ఇందుకు గుర్తింపు ఉన్న మాస్టర్స్ చదవాలి, జాతీయ సర్టిఫికేషన్ పరీక్ష గట్టెక్కాలి, మా టెక్సాస్‌లో అయితే రాష్ట్ర లైసెన్సు కూడా ఉండాలి.

ఆ మాస్టర్స్‌లో కనీసం 4 వారాలు వేరే ధ్యాస లేకుండా పూర్తికాలం పని నేర్చుకోవాలని ఒక నిబంధన ఉంది. మా అమ్మాయికి మాటిచ్చిన చోటు ఒకటి జనవరిలో చేతులెత్తేసింది. కారణం కూడా చెప్పలేదు. అప్పటికే తోటి పిల్లలందరికీ చోట్లు ఖరారైపోయాయి. ఇది మాత్రం గదిలోంచి బయటికి రాదు, తిండి సరిగా తినదు.

అప్పుడు తలుపు తెరిచింది మా ఫ్రిస్కోలో, మా వీధి చివర ఉండే పెద్దాయన. మైనర్ లీగ్‌లలో ఇరవై ఏళ్లకు పైగా ఇదే పని చేసి రిటైరయ్యారు. ఇన్నాళ్లూ మాకు ఆయన కుక్కని తిప్పే తాతగారు మాత్రమే! సంగతి విని, అమ్మాయిని పిలిచి కూర్చోబెట్టుకున్నారు. వెంటనే ఎవరికో ఫోన్ చేస్తారేమో అనుకున్నాం. చెయ్యలేదు. సాయంత్రమంతా ఈ ఉద్యోగంలోని కష్టాలే చెప్పారు.

ఆట రాత్రి ఏడింటికైతే ట్రైనర్ మధ్యాహ్నానికల్లా అక్కడుండాలి. ఒకడి భుజం, ఇంకొకడి చీలమండ, మరొకడి వేలి మీద బొబ్బ. ఆట ముగిశాక మళ్లీ చికిత్సలు, ఆపైన ప్రతి ఫిర్యాదూ కంప్యూటర్‌లో ఎక్కించాలి. తెల్లారేసరికి అవన్నీ పైనున్న పెద్ద జట్టువాళ్లు చూసుకోవాలి మరి. మంగళవారం నుంచి ఆదివారం దాకా వరసగా ఆటలు, సోమవారం సెలవు. ఆ సెలవు కూడా చాలాసార్లు బస్సులోనే కరిగిపోతుంది. మా ఊరి రఫ్‌రైడర్స్ జట్టే అమరిల్లోకీ కార్పస్ క్రిస్టీకీ బస్సులో వెళ్లి ఆడొస్తుంది. ఆయన రోజుల్లో హోటల్ గదులు పంచడం, ఆటగాళ్లకి భోజనం డబ్బులు లెక్కపెట్టి ఇవ్వడం కూడా ట్రైనర్ నెత్తినే ఉండేవట.

జీతం సంగతీ దాచలేదు. అమెరికా కార్మిక శాఖ లెక్కల్లో 2023లో ఈ వృత్తిలో మధ్యస్థ జీతం ఏడాదికి 58 వేల డాలర్లకి కాస్త తక్కువే. సాఫ్ట్‌వేర్ జీతాలకి అలవాటుపడిన మా ఇళ్లలో ఈ అంకె వినగానే ఎవరి మొహం ఎలా మారుతుందో చెప్పక్కర్లేదు, నాదీ మారింది. పైగా మేజర్ లీగ్‌లో ఉన్నవే 30 జట్లు. అక్కడికి చేరినవాళ్లు తేలిగ్గా కుర్చీ వదలరు. యాంకీస్ జట్టుకి జీన్ మోనహాన్ 1973 నుంచి 2011 దాకా హెడ్ ట్రైనర్‌గా ఉన్నారు!

అన్నీ చెప్పి, "ఇప్పుడు చెప్పు, ఇంకా కావాలా?" అన్నారట. ఇది కావాలంది. అప్పుడు తీశారు ఫోను. పెద్దాయనా, ఆ ఫోన్ కంటే ముందు చెప్పిన మాటలకే మీకు మేం ఎక్కువ రుణపడి ఉన్నాం. తీపి మాటలు చెప్పి పంపేవాళ్లు చాలామందే దొరుకుతారు.

ఆయన పుణ్యమా అని అరిజోనాలో సర్‌ప్రైజ్ అనే ఊళ్లో చోటు దొరికింది. మేజర్ లీగ్ జట్లు రేంజర్స్, రాయల్స్ రెండూ సీజన్‌కి ముందు వసంతకాలం శిబిరం అక్కడే పెడతాయి. ఫిబ్రవరి మధ్యలో ముందు బంతి విసిరే పిచర్లూ, దాన్ని పట్టే క్యాచర్లూ దిగుతారు. ఆ సీజన్‌లో ఆ చుట్టుపక్కల అద్దెలు ముట్టుకుంటే కాలతాయి. ఆ పక్కనే పియోరియాలో ఉండే కాకినాడ అక్కయ్య, బావగారు మా తోడికోడలికి స్నేహితులు, మేం వాళ్లని కళ్లతో చూసిందే లేదు. గది ఇచ్చారు, పాత కరోలా తాళాలు చేతిలో పెట్టారు. తెల్లవారుజామున ఇది బయల్దేరే వేళకి అక్కయ్య ఇడ్లీ డబ్బా కట్టి గట్టు మీద పెట్టేసేవారు. నేనైనా అన్ని రోజులు లేచేదాన్నా అని నాకే అనుమానం. బావగారూ, పెట్రోలు డబ్బులు తీసుకోలేదు సరే, కనీసం టైర్లు మార్పించిన ఖర్చయినా చెప్పండి.

అక్కడ అది నేర్చుకున్నది ఒకరోజు వీడియోలో చూపించింది. బావగారినే బల్ల మీద పడుకోబెట్టి, మోచెయ్యి మడిచి, ముంజేతిని వెనక్కి వంచి కోణమాపకం పెట్టింది. పిచర్ల విసిరే చెయ్యి మామూలు మనిషికంటే వెనక్కి బాగా ఒరుగుతుందట, లోపలికి మాత్రం తక్కువ తిరుగుతుందట. అందుకే రెండు భుజాలూ కొలిచి రాసుకుంటారు. ఆ తిరుగుడు ఎప్పుడు తగ్గుతోందో, ఎంత తగ్గుతోందో చూస్తే నొప్పి రాకముందే కొంత పసిగట్టొచ్చు. బావగారి భుజం ఎందుకూ పనికిరాదని కూడా తేల్చింది.

మోచేతి లిగమెంట్ ఆపరేషన్‌కి టామీ జాన్ పేరెలా వచ్చిందో ఈ దేశంలో పిల్లలకి కూడా తెలుసు. 1974లో టామీ జాన్ అనే పిచర్‌కి డాక్టర్ ఫ్రాంక్ జోబ్ ఇది చేశారు, 1976లో టామీ జాన్ మళ్లీ బంతి వేశాడు, ఆ తర్వాతే 164 ఆటలు గెలిచాడు. ఆపరేషన్‌కీ తిరిగి రావడానికీ మధ్య ఉండే నెలల గురించి ఎవరూ మాట్లాడరు. ఈ రోజుల్లో సాధారణంగా 12 నుంచి 18 నెలలు. మొదట 45 అడుగుల దూరం నుంచి మెల్లగా, తర్వాత 60, 90, 120. ఎన్ని విసిరాడు, మర్నాడు వాచిందా లేదా అని పక్కన నిలబడి రాసుకునేది ట్రైనరే.

లాస్ ఏంజెలెస్ డాడ్జర్స్ జట్టు ట్రైనర్ బిల్ బ్యూలర్ గురించి కూడా పెద్దాయనే చెప్పారు. 1976లో క్యాచర్ స్టీవ్ యేగర్ తన వంతు కోసం నిలబడి ఉండగా విరిగిన బ్యాట్ ముక్క గొంతులో దిగింది. అతని గొంతుకి అడ్డుగా, క్యాచర్ పెట్టుకునే ముసుగు కింద వేలాడే ఒక పలక తయారుచేసింది బ్యూలరే. మా ఇంట్లో ఇప్పుడు టీవీ పెడితే నేను చూసేది ముందు దాన్నే.

ఇంకా ఇద్దరున్నారు. నా ఆఫీసులో కొలంబియా అమ్మాయి ఒకావిడ మధ్యాహ్నం భోజనం వేళల్లో ఫోన్‌లో దీనికి స్పానిష్ నేర్పించింది. జట్లలో డొమినికన్, వెనెజువెలా కుర్రాళ్లు చాలామంది. పద్దెనిమిది, పంతొమ్మిదేళ్ల పిల్లలు, నొప్పని చెప్తే ఇంటికి పంపేస్తారేమోనని దాచుకుంటారు. "దోందే తే దుయేలే", ఎక్కడ నొప్పి అని వాళ్ల భాషలో నెమ్మదిగా అడిగితే ఇంకో రెండు మాటలు చెప్తారట. నన్నడిగితే ఈ ఉద్యోగంలో టేపూ ఐసూ కాదు, ఆ రెండు మాటలే అసలు పని.

ప్లేనోలో ఎమర్జెన్సీ డాక్టర్‌గా చేసే మా స్నేహితురాలు వడదెబ్బ కేసులు కూర్చోబెట్టి చెప్పింది. శరీరం లోపలి వేడి 104 డిగ్రీలు దాటి, మాట తడబడితే, ముందు ఐసు నీళ్ల తొట్టిలో దింపి చల్లార్చాలి, ఆసుపత్రికి తరలించడం ఆ తర్వాతే. ఎండల్లో పిల్లల్ని ఆటలకి పంపే తల్లులం, ఇది మనకీ అవసరమే.

పరీక్షకి ముందు "ఆడపిల్లకి ఆ డ్రెస్సింగ్ రూములేంటి" అన్న చుట్టాలకి జవాబు నేను వెతుక్కోలేదు, దాని సీనియర్ ఒకమ్మాయే ఇచ్చింది. స్యూ ఫాల్సోన్ 2012 సీజన్‌కి డాడ్జర్స్ హెడ్ అథ్లెటిక్ ట్రైనర్ అయ్యారు, మేజర్ లీగ్‌లో ఆ పదవికి వచ్చిన మొదటి మహిళ. సీనియర్ తల్లీ, ఆ ఒక్క ముక్కతో మా అత్తగారు కూడా మా వైపు తిరిగిపోయారు.

మా ఆయనకి కూడా థాంక్స్ చెప్పాలి. దాని ప్రాక్టీసు కోసం రోజూ టేపు అంటించుకుని పీకించుకుని చీలమండల దగ్గర వెంట్రుకంటూ మిగల్లేదు.

మన పిల్లలెవరికైనా ఈ దారి మీద ఆసక్తి ఉంటే మా అమ్మాయి మాట్లాడుతుంది. నాకు కబురు పెట్టండి, సోమవారం పూట ఫోన్ చేయిస్తాను. సీజన్ నడుస్తుండగా మిగతా రోజుల్లో అది నాకే దొరకదు. ఆటగాళ్ల సంతకాలు, టికెట్లు మాత్రం అడక్కండి, ఆ విషయంలో మా ఆయనకే కాదు పొమ్మంది.