కప్పు కూలేదాకా ఆగమంటారా?

గృహనిర్మాణ శాఖ ఉన్నతాధికారి గారికి,

నమస్కారం. కొత్త ఇళ్లకు ఇచ్చే సాయం గురించి మీ శాఖ గొప్పగా చెప్పుకుంటుంది. ఉన్న ఇంటిని మరమ్మతుతో నిలబెట్టుకోవాలనుకునేవారి మాట మాత్రం ఎక్కడా వినిపించదు.

శ్లాబులో వెంట్రుకవాసి పగులు చాలు. ఆ దారిన నీరు లోపలి ఇనుప చువ్వను చేరుతుంది. చువ్వ తుప్పు పట్టి ఉబ్బుతుంది, కాంక్రీటును పెచ్చులుగా రాల్చేస్తుంది. పగులు దశలోనే పూడ్చితే ఖర్చు కొద్దిపాటిది. చువ్వలు బయటపడి సన్నబడ్డాక కప్పు మొత్తం మార్చాల్సి రావచ్చు. అంటే, ఈ రోజు మీరు పక్కన పెట్టిన చిన్న దరఖాస్తే రేపు పెద్ద పద్దుగా మీ బల్ల మీదికి వస్తుంది.

ఇక కొత్త ఇంటి సాయాన్ని విడతలుగా ఇచ్చే సంగతి. పునాది వేసి ఫొటో చూపిస్తేనే మొదటి విడత అంటారు. పునాదికే డబ్బు లేనివాడు కదా మీ దగ్గరికి వచ్చింది! వడ్డీకి తెచ్చి పోస్తాడు. బిల్లు మంజూరయ్యేసరికి సాయంలో కొంత వడ్డీకే చెల్లు. మొదటి విడత ముందుగా ఇవ్వండి, లెక్క తర్వాత అడగండి.

ఇంటి కాగితాలు చనిపోయిన తండ్రి పేరు మీదే ఉన్నాయని వారసులను తిప్పి పంపడం మరీ అన్యాయం. అక్కడ ఉంటున్నది వాళ్లేనని ఇరుగుపొరుగు వాంగ్మూలం ఇస్తే మరమ్మతుకైనా ఒప్పుకోవచ్చు. వాటాల తగవు తేలేదాకా వాన ఆగదు.

తిరస్కరిస్తే కారణం రాతపూర్వకంగా ఇవ్వండి. ‘అర్హత లేదు’ అన్నది కారణం కాదు. మరమ్మతు దరఖాస్తులన్నీ వానలకు ముందే తేల్చాలని కోరుతున్నాను.

ఇట్లు,
ఒక దరఖాస్తుదారు