పులుసు మరిగితే చాలదు, మొద్దు కూడా శుభ్రంగా ఉండాలి

సంపాదకునికి నమస్కారం.

చేపల పులుసు మన ఇళ్లలో తెర్లేదాకా ఉడుకుతుంది కాబట్టి రోగాల భయం లేదంటారు. పులుసు మటుకు నిజమే. గొడవంతా చేప గిన్నెలో పడకముందే ఉంది.

ఏరోమోనాస్ అనే బాక్టీరియా చెరువు నీళ్లలో సహజంగానే ఉంటుంది. చేప పేగుల్లో, మొప్పల్లో, ఒంటి జిగురులో చేరుతుంది. ఫ్రిజ్‌లో పెట్టినా మెల్లగా పెరుగుతూనే ఉంటుంది. 2015లో సింగపూర్‌లో పచ్చి చేప ముక్కలు తిన్నవారికి గ్రూప్ బి స్ట్రెప్టోకాకస్ అనే మరో బాక్టీరియా సోకి, రక్తంలోకీ కీళ్లలోకీ పాకింది. మంచినీటి చేపలను పచ్చిగా అమ్మడాన్ని అక్కడ నిషేధించారు. మనం పచ్చివి తినం కదా అనుకోవచ్చు. కానీ 2021లో హాంకాంగ్‌లో అదే రకం స్ట్రెప్టోకాకస్ సోకినవారిలో పచ్చి చేపలను చేత్తో ముట్టుకున్నవారున్నారు, కొందరి చేతులకు గాయాలూ ఉన్నాయి.

మన మార్కెట్లో శీలావతిని కోసిన మొద్దు మీదే బొచ్చెనూ కోస్తారు. పేగు తెగి కారిన మురికిని పొద్దుటి నుంచీ మార్చని బకెట్ నీళ్లతో కడుగుతారు. పైన బ్లీచింగ్ పౌడరు చల్లితే సరిపోతుందనుకోవడం దండగ, జిగురు క్లోరిన్‌ను తినేస్తుంది. ముందు సబ్బుతో రుద్ది కడగాలి. ఆ తర్వాత 30 శాతం క్లోరిన్ ఉన్న పౌడరు 7 గ్రాములు 10 లీటర్ల నీటిలో కలిపి, తేరిన నీళ్లు పోసి, రెండు నిమిషాలాగి మంచినీళ్లతో కడిగేయాలి. మూత తీసి ఉంచిన పాత పౌడరులో పస ఉండదు. గాట్లు పడిన చెక్క మొద్దు ఎంత కడిగినా లోపల మురికి దాచుకుంటుంది, దాన్ని మార్చాల్సిందే.

మన ఎండలకు కిలో చేపకు కిలో ఐసు కావాలి. కరిగిన నీళ్లలో చేప నానకుండా పెట్టె అడుగున కన్నం ఉండాలి. తినడానికి పనికిరాని ఐసుకు నీలిరంగు కలపాలని దేశ ఆహార భద్రతా సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ 2018లోనే చెప్పింది. చేపల మీద ఏ ఐసు వేస్తున్నారో అడిగేవాళ్లేరీ?

ఇంట్లో ఉప్పు, పసుపు రాసి కడిగితే నీచువాసన పోతుంది, బాక్టీరియా చావదు. చేప కోసిన పీట మీద వెంటనే ఉల్లిపాయ, కొత్తిమీర తరగకూడదు. చేతికి గాయం ఉంటే, ముఖ్యంగా షుగరు ఉన్నవాళ్లు, గ్లవుజు లేకుండా చేప ముట్టుకోవద్దు. ముల్లు గుచ్చుకున్నచోట వాచి, ఎర్రబడి, జ్వరం వస్తే డాక్టరుకు ఆ సంగతి చెప్పి తీరాలి. ఏరోమోనాస్‌పై అమాక్సిసిలిన్ అనే యాంటీబయాటిక్ మందు సాధారణంగా పనిచేయదు.

మున్సిపాలిటీలు చేపల మార్కెట్లలో ప్రతి మొద్దు దగ్గరా కుళాయి, మురుగు పోయే కాలువ ఏర్పాటు చేయాలి. ఐసునూ, చేపలు కడిగే నీటినీ నెలకోసారి పరీక్షించి, ఫలితాలను మార్కెట్ గేటు దగ్గరే తెలుగులో అంటించాలి.

– మత్స్యశాస్త్ర పట్టభద్రులు కొందరు, భీమవరం