వాల్వు వేశారు సరే, దాని రక్తపరీక్ష మా దరిదాపుల్లో లేదు

సంపాదకుడు గారికి,

ఛాతీ కోయకుండా తొడ దగ్గరి రక్తనాళం గుండా కొత్త వాల్వును గుండెలోకి పంపి అమర్చారన్న వార్త ఈమధ్య మీ పత్రికలో ఫొటోతో సహా చదివాను. సంతోషం. వయసు మీద పడి వాల్వు గట్టిపడిన పెద్దవాళ్లకు అది మంచి పద్ధతే. మా ప్రకాశం జిల్లా పడమటి ఊళ్లలో మాత్రం బడికెళ్లే వయసులోనే వాల్వు చెడిన పిల్లలున్నారు. అలాంటి పిల్ల మా ఇంట్లోనే ఉంది కాబట్టి రాస్తున్నాను.

మా అమ్మాయికి పదకొండో ఏట గొంతునొప్పి, జ్వరం వచ్చి తగ్గాయి. రెండు మూడు వారాలకు మోకాలు వాచింది. అది తగ్గేసరికి చీలమండ, ఆ తర్వాత మోచెయ్యి. ఎదిగే పిల్లకు కాళ్లు లాగుతాయిలే అని మా అమ్మ అమృతాంజనం రాసింది. ఆర్‌ఎంపీ నొప్పుల సూది వేశాడు. గొంతునొప్పి తర్వాత వచ్చే ఈ రుమాటిక్ జ్వరం కీళ్లను నాకి వదిలేసి గుండెను కరుస్తుందని డాక్టర్లలో ఒక మాట ఉందట. మాకు తెలిసేసరికి ఆలస్యమైంది. ఇంటర్‌లో మెట్లెక్కితే ఆయాసం. రక్తం తక్కువన్నారు, ఏడాదిపాటు ఐరన్ మాత్రలు మింగించాం. చివరికి గుంటూరులో ఒక డాక్టరు స్టెతస్కోపు పెట్టి, కాసేపు విని, ఎకో అనే గుండె స్కానింగు తీయించారు. గుండె ఎడమవైపుండే మైట్రల్ వాల్వు రెక్కలు అతుక్కుని దారి సన్నబడింది, పైగా లీకు. ఒట్టి సన్నబడటమే అయితే బెలూన్‌తో తెరవొచ్చట.

ఆరోగ్యశ్రీ కింద ఆపరేషన్ చేసి లోహపు వాల్వు వేశారు. 2007లో ఆ పథకం రాకపోయి ఉంటే మాకున్న ఎకరంన్నర అమ్మినా సరిపోయేది కాదు. ప్రభుత్వాలు దాని పేరు ఎన్నిసార్లు మార్చినా ఆ మేలు మరవను.

తిప్పలన్నీ ఆ తర్వాతే. లోహపు వాల్వు మీద రక్తం గడ్డకట్టకుండా బతికినంత కాలం ఎసిట్రోమ్ మాత్ర వేసుకోవాలి. మోతాదు చాలకపోతే వాల్వు ఇరుక్కుపోవచ్చు, గడ్డ మెదడుకెళ్తే పక్షవాతం. ఎక్కువైతే రక్తస్రావం. సరిపోయిందో లేదో చెప్పేది, రక్తం ఎంత ఆలస్యంగా గడ్డకడుతుందో కొలిచే ఐఎన్ఆర్ రక్తపరీక్షే. మా అమ్మాయికి అది 2.5కీ 3.5కీ మధ్య ఉండాలన్నారు. వంటింటి క్యాలెండర్‌లో తేదీల కింద "ఒకటి", "అర" అని పెన్సిల్‌తో రాసుకుంటుంది. "అర" రోజున మాత్రను బ్లేడుతో కోసి, మిగతా ముక్కను మళ్లీ రేకులోనే దాచుకుంటుంది. ఆకుకూరలు ఈ మందు పనిని తగ్గిస్తాయి కాబట్టి, మానక్కర్లేదు గానీ ఎప్పుడూ ఒకే తీరుగా తినమన్నారు. పోయిన ఆషాఢంలో మా ఆవిడ అలవాటు కొద్దీ వరసగా మునగాకు వండితే ఐఎన్ఆర్ 1.6కి పడిపోయింది. ఆ వారం పరీక్ష ఉండబట్టి తెలిసింది.

ఈ పరీక్షకు బస్సెక్కి టౌనుకు పోవాలి. ఛార్జీలు, ల్యాబు డబ్బులు, ఒక రోజు కూలి. మోతాదు మార్చినప్పుడల్లా వారం తిరక్కుండా మళ్లీ పరుగు. తిరువనంతపురం శ్రీచిత్ర సంస్థ వాళ్లు సొంతంగా వాల్వు తయారుచేసి 1990లోనే మనిషికి అమర్చారు. అలాంటి దేశంలో ఒక రక్తపరీక్ష మా మండలం దాకా రాలేదు. షుగర్ మిషన్‌లాగే వేలి నుంచి చుక్క తీసి ఐఎన్ఆర్ చెప్పే చిన్న మిషన్లున్నాయి. ప్రతి సామాజిక ఆరోగ్య కేంద్రంలో ఒకటి, స్ట్రిప్పులతో సహా పెట్టలేరా?

ఇక ఆ రుమాటిక్ జ్వరం తిరగబెట్టకుండా మూడు వారాలకోసారి వేయించాల్సిన పెన్సిలిన్ సూది. పీహెచ్‌సీలో స్టాకు లేదన్నారు. బయట కొని పట్టుకెళ్తే, "రియాక్షన్ వస్తే ఎవరు జవాబు చెప్తారు? రాసిన డాక్టరు దగ్గరే వేయించుకోండి" అంది సిస్టరు. ఆమె భయాన్ని తప్పుపట్టను. అరుదుగానైనా పెన్సిలిన్ పడనివాళ్లుంటారు. రియాక్షన్‌కు విరుగుడైన అడ్రినలిన్ మందు దగ్గర ఉంచి, సూది వేశాక అరగంట కూర్చోబెట్టి చూసే శిక్షణ ఆమెకివ్వాల్సింది పైఅధికారులు. మెడికల్ షాపతను ఇంకోటి చెప్పాడు: "చవక మందన్నా, ఏం మిగలదు, తెప్పించం." పదకొండో ఏటి నుంచీ ఈ చవక మందే పడి ఉంటే వాల్వు ఇంతగా చెడేది కాదన్నారు ఆపరేషన్ చేసిన డాక్టరు.

2013 నుంచి కేంద్ర పథకం కింద బడి పిల్లల ఆరోగ్యం చూసే ఆర్‌బీఎస్‌కే బృందాల జాబితాలో రుమాటిక్ గుండెజబ్బు ఉంది. మా అమ్మాయి బడికి వచ్చినవాళ్లు బరువు, ఎత్తు, కళ్లు, పళ్లు చూశారు. గుండె మీద స్టెతస్కోపు పెట్టినట్టు దానికి గుర్తు లేదు.

ఇప్పుడు దానికి ఇరవై రెండేళ్లు, సంబంధాలు వస్తున్నాయి. ఎసిట్రోమ్ కడుపులో బిడ్డకు ప్రమాదం కాబట్టి ఆ సమయంలో మందు మార్చాల్సి ఉంటుందని, పరీక్షలు ఇంకా తరచుగా కావాలని ముందే చెప్పారు. రాత్రి కరెంటు పోయి ఫ్యాను ఆగితే దాని గదిలోంచి వాల్వు టిక్కుటిక్కుమనడం వినపడుతుంది. మా ఆవిడకు అలవాటైంది, నాకింకా కాలేదు.

మీ విలేకరులకు ఒక చిన్న పని చెప్పండి. జిల్లాలోని పీహెచ్‌సీలన్నిటికీ ఫోన్ చేసి, "మూడు వారాల పెన్సిలిన్ సూది ఈ రోజు మీ దగ్గర ఉందా? తెస్తే వేస్తారా?" అని అడిగి, వచ్చిన జవాబులు ఊరి పేర్లతో సహా అచ్చు వేయండి.

ఇట్లు,
ఒక రైతు, ప్రకాశం జిల్లా